అవ్వ పేరు పలికించిన మా మేనత్త

మా మేనత్త పోయిందని మొన్న దుమ్ముగూడెం నుంచి ఫోను వచ్చింది. నేనుండే ఖానాపురం హవేలిలో మా ఎదురింటివాళ్లకు వచ్చిన ఫోను అది. పరాయివాళ్ల ఇల్లని కూడా చూడకుండా బోరుమన్నాను. కూలి చేసి నన్ను చదివించిన మనిషి, ఏడవక ఏం చేస్తాను?

అందరి మేనత్తలూ అలిగితే పెళ్లిళ్లు ఆగుతాయేమో. మా మేనత్త అలిగితే నాట్లు ఆగేవి. మా మాదిగవాడ ఆడవాళ్ల నాట్ల ముఠాకు ఆమే పెద్ద. మడిలో ఎవరైనా వెనకబడితే తన వరుస వదిలి వాళ్ల పక్కన వంగేది. “ఎనకపడ్డోళ్లను ఇడిసి ముందలికి పోయి ఏం చేస్తవే బిడ్డా?” అనేది. సద్ది మూట విప్పాక మాత్రం ఎవరి కోసమూ ఆగేది కాదు లెండి.

కోతలయ్యాక ఏటా డక్కలాయన వచ్చేవాడు. మా కులం పుట్టుక చెప్పడం వాళ్ల వంశం పని. బొమ్మల పటం విప్పి, మొదట పుట్టిన తాత దగ్గర ఎత్తుకుని, ఒక్కో ఇంటి పెద్దల పేర్లు చెబుతూ మా దాకా వచ్చేవాడు. దొర ఇంటి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచే మా నాన్న ఆ పూట మీసం దువ్వేవాడు. మాకూ ఒక చరిత్ర ఉందని నాకు అక్కడే తెలిసింది. కథ అయ్యాక ఆడవాళ్లు చేటలతో వడ్లు తెచ్చి ఆయనకు పోయాలి. అప్పుడే ఆయన వాడను దీవించేది.

ఒక ఏడు మా ఇంటి పెద్దల పేర్లు అయిపోగానే అత్త లేచింది.

“మా అమ్మ పేరేది?”

“ఆడోళ్ల పేర్లు కథల రావు తల్లీ. మా తాతలు చెప్పలే.”

“మా నాయన తొవ్వలనే సచ్చిపాయె. కరువుల మా ఇద్దరిని సంకనేసుకొని కారేపల్లి దిక్కుకెల్లి ఈడికొచ్చింది ఎవలు? అడవి కొట్టి ఈ వాడ నిలవెట్టింది ఎవలు? మా అమ్మ పేరు రాందే ఒక్క చేట లేవది!”

“కూసో అక్కా, గట్లనొద్దు,” అన్నాడు నాన్న, భయంగా. డక్కలాయన అలిగి పటం చుట్టేస్తే వాడకు కథా లేదు, దీవెనా లేదు. కానీ ఆడవాళ్లంతా చేటలు కింద పెట్టేశారు.

ఆయన కింద పెట్టిన చేటల వైపు చూశాడు. “ఏం పేరమ్మా?” అన్నాడు.

అంత అరిచిన అత్త “లచ్చవ్వ,” అంది మెల్లగా.

ఆయన లచ్చవ్వ పేరు ఎత్తుకుని, ఆ తర్వాతే మా నాన్న పేరు మళ్లీ పలికాడు. అంతే, వెనక నుంచి “మా అమ్మ ఎంకవ్వ!”, “మా అవ్వ రాజవ్వ!” అని ఒకటే కేకలు. నాన్న ముందు ఎన్నడూ నోరెత్తని మా అమ్మ కూడా లేచి నిలబడి, వాళ్లమ్మ పేరు వాడంతా వినబడేలా చెప్పింది.