సబ్‌వూఫర్ కింద పీట

పాతికేళ్లుగా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. ధ్వని, కంపనాలు అనే పాఠం ఉన్న రోజు పొద్దున్నే నా మొహం చూసి మా ఆవిడ సుగుణ నవ్వడం మొదలుపెడుతుంది. ఆ పాఠానికీ, రెండు బెల్లం దిమ్మలకీ, లెక్కలేనన్ని చీమలకీ, మా మామగారి మధ్యాహ్నపు నిద్రకీ ఉన్న సంబంధం ఇప్పుడు మీకు చెబుతాను. చివరికొచ్చేసరికి నా పరువు మిగలదు. ముందే చెప్పేశాను కాబట్టి తరువాత జాలిపడకండి.

డీవీడీలు కొత్తగా ఇళ్లలోకి వస్తున్న రోజులవి. అనకాపల్లిలో మామగారి మేడ మీద మేమిద్దరం ఉండేవాళ్లం, కింద ఆయన. ఆయనది బెల్లం వ్యాపారం. తెల్లవారకముందే మార్కెట్‌కి వెళ్లి, పన్నెండింటికి వచ్చి, భోంచేసి, సరిగ్గా ఒంటిగంటకి నడుం వాల్చేవారు. మూడింటిదాకా ఆ ఇంటి చుట్టుపక్కల కాకి కూడా మెల్లగా అరవాల్సిందే. నా కాలేజీ కూడా పన్నెండున్నరకే అయిపోయేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఏడాదిపాటు సినిమా హాలు ముఖం చూడకుండా నోరు కట్టుకుని, ఆషాఢం తగ్గింపులో హోం థియేటర్ కొన్నాను. ఐదు బుల్లి స్పీకర్లు, వాటికి పెద్దన్నలా ఒక నల్లటి పెట్టె. దాని పేరు సబ్‌వూఫర్, దాని పని గుడుగుడుమనడం. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. లెక్చరర్‌కి సబ్‌వూఫర్ వస్తే మిట్టమధ్యాహ్నం తలుపులు మూసుకుని ఇల్లు అదరగొడతాడు.

రెండో రోజే మామగారు మెట్లెక్కి వచ్చారు. భుజం మీద తువ్వాలు, నెత్తి మీద మా నేల నుంచి, అంటే ఆయన సీలింగు నుంచి, రాలిన సున్నం.

"అల్లుడూ, ఏటిది?"

"సబ్‌వూఫర్ మావయ్యా."

"పేరడగలేదు. ఏటి సేత్తన్నాదని అడుగుతున్నాను. నా నెత్తి మీద గేదె పడుకుని నెమరేత్తన్నట్టున్నాది."

"సినిమాలో ఉరుములండీ అవి."

"నీకు నీ పెట్టి ఉండాల, నాకు నిద్రుండాల. రెండూ కుదిరితే సరే. కుదరకపోతే, శ్రావణ శనివారం ఉప్మాక ఎంకన్న గుడికి ఎల్లొచ్చేక ఆ పెట్టి ఎవులికో ఒకలికి ఇచ్చేద్దాం."

అంటే నా పెట్టె ఆయుష్షు మూడు వారాలు. నెట్ సెంటర్‌లో కూర్చుని వెతికాను. పెట్టె నేల మీద ఉంటే అదురు నేలలోకి దిగుతుందనీ, కింద బరువైన, మోగని పీట వేస్తే ఆగుతుందనీ ఉంది. ఇది నేను పిల్లలకి చెప్పే పాఠమే, కాకపోతే ఎప్పుడూ నమ్మలేదు.

మొదట ఇటుకలు పేర్చాను. అవి పెట్టెతోపాటు పళ్లు కొరకడం మొదలుపెట్టాయి. తరువాత పెళ్లిపీట వేశాను. ఉరుము ఉరిమినప్పుడల్లా అది బెత్తెడు నడిచి, సినిమా అయ్యేసరికి గుమ్మం దగ్గరికి చేరింది. మూడోది రబ్బరు.

"ఏటండీ, నా సెప్పులేవీ?" అంది సుగుణ.

"ఏ చెప్పులు?"

"మొన్న కొన్న రబ్బరు సెప్పులు."

"అవి ప్రయోగంలో ఉన్నాయి."

వచ్చి చూసింది. చెప్పులు నాలుగు ముక్కలై పెట్టె నాలుగు మూలలా ఉన్నాయి. "పెళ్లయ్యి మూడేళ్లు. నా కాళ్ల కింద మెత్తగా ఉండాలని ఒక్క రోజైనా ఇంత ఆలోచించేరా?" అంది. అదురు మాత్రం తగ్గలేదు.

అప్పుడు మెట్ల పైనున్న అటక మీద తాటాకు చాపలో చుట్టిన రెండు బెల్లం దిమ్మలు కనబడ్డాయి. వేలితో కొట్టి చూశాను. మోగలేదు. ఇటుకకి లేని నెమ్మది, రబ్బరుకి లేని బరువు. బెల్లం ఊళ్లో ఉంటూ ఇటుకల కోసం తిరిగానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. అడిగి తీసుకోవాలని తోచలేదు. ఆ ఇంట్లో బెల్లం అడిగి తీసుకోవడమంటే ఏట్లో దిగి నీళ్లడగడమే. రెండు దిమ్మలూ బోర్లించి, పైన చెక్క వేసి, చుట్టూ నల్లగుడ్డ కట్టి, పెట్టెని ఎక్కించాను.

ఆ మధ్యాహ్నం మూడింటికి మామగారు కిందనుంచి పిలిచారు.

"అల్లుడూ, ఈవేళ ఏటీ అదర్లేదు, అదెట్టలేదేటి?"

"సినిమా అంతా చూశాను మావయ్యా."

"సదువు ఊరికే పోదు," అన్నారు. పెళ్లయ్యాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. మర్నాడు క్లాసులో బోర్డు మీద బొమ్మ గీసి, పీట దేనితో చేశానో మాత్రం చెప్పకుండా, రెండు పీరియడ్లు దంచాను.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. మూడో వారంలో వచ్చాయి. వానాకాలంలో బెల్లం చెమరుస్తుందని అనకాపల్లిలో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. కాని నా కళ్లకి అది అప్పటికి బెల్లం కాదు, పీఠం.

"ఏటండీ, సీమలు మీ పెట్టి సుట్టూ ప్రదచ్చినాలు సేత్తన్నాయి," అంది సుగుణ.

"వానలకి వస్తాయిలే," అని చీమల మందు సుద్దతో గీత గీశాను. చీమలు గీత పొడుగునా నడిచి, అది అయిపోయిన చోట లోపలికి తిరిగాయి. పెట్టె కాస్త ఎడమకి ఒరిగింది. దాని కింద రెండు డీవీడీ కవర్లు దూర్చాను.

శుక్రవారం సాయంత్రం మామగారు అటక దగ్గర నిచ్చెనెక్కారు.

"సుగుణా, ఇక్కడ ఎంకన్నకి పొంగలి కోసం తీసి ఎట్టిన సీడికాడ ఊరి దిమ్మలేవీ?"

సుగుణ నావైపు చూసింది. నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. మామగారు నిచ్చెన దిగి, మెట్ల మీద బారులు తీరిన చీమల్ని చూశారు. చేతులు వెనక్కి కట్టుకుని, వాటి వెనకాలే ఒక్కో మెట్టూ ఎక్కారు. చీమలు మా హాల్లోకి వెళ్లాయి. ఆయనా వచ్చారు. చీమలు నల్లగుడ్డ కిందికి దూరాయి. ఆయన కూర్చున్నారు.

"ఇదేటి?"

"పీఠం మావయ్యా."

గుడ్డ కింద నుంచి ఎర్రటి పాకం తీగ ఒకటి నేల మీదికి సాగుతోంది. ఒక చీమని పక్కకి తోసి, వేలు ముంచి, నాలిక్కి రాసుకుని, మార్కెట్‌లో చేసినట్టే కళ్లు మూసుకున్నారు.

"సీడికాడ. మాఘమాసం వండిన పాకం. అందులో ఏసిన సున్నం కొలతకి పడింది." కళ్లు తెరిచారు. "నాదే."

భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. కాని కింద కూడా ఆయన ఇల్లే. కనీసం నా ప్రయోగం గొప్పదనమైనా చూపిద్దామని, "విని చూడండి మావయ్యా," అంటూ స్విచ్ వేశాను. చీమలు అప్పటికే పెట్టె లోపల కూడా కాపురం పెట్టేశాయి. పెట్టె ఒక్కసారి 'తుస్' మంది. సన్నగా పొగ, ఇల్లంతా మాడిన పాకం వాసన.

మామగారు వాసన చూశారు. "పాకం ముదిరిపోనాది అల్లుడూ," అన్నారు.

మర్నాడు మార్కెట్ నుంచి వేరే దిమ్మలు తెచ్చారు. ఉప్మాకలో బస్సు దిగగానే ఒకటి నా నెత్తికి ఎత్తి, "మొయ్యి, నీకు అలవాటే కదా," అన్నారు. ఆయన తిట్టనందుకే నాకు ఎక్కువ సిగ్గేసింది.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నాలుగు రోజులయ్యాక మధ్యాహ్నం రెండింటికి మామగారు ఎర్రటి కళ్లతో పైకి వచ్చారు.

"నిద్దరట్టట్లేదు అల్లుడూ."

"చప్పుడేమీ లేదు కదా మావయ్యా."

"అదే మరి. నీ పీట ఎట్టినకాన్నించీ పైనుంచి సన్నగా గుర్రుమని వచ్చీది. సిన్నప్పుడు మా అయ్య పక్కలో గానుగ కాడ పడుకుంటే అలాగే ఇనిపించీది. అలవాటైపోనాది. పెట్టి బాగు సేయించు."

బాగుచేయించి తెచ్చేసరికి ఆయన స్వయంగా గోనెగుడ్డ సంచీలు రెండు కుట్టి, ఏటి ఇసుక నింపి, పైన నాపరాయి వేసి ఉంచారు. "ఇది సీమలు తినవు," అన్నారు. ఆనాటి నుంచీ రోజూ ఒంటిగంటకి సినిమా పెట్టడం ఆ ఇంట్లో నా డ్యూటీ అయింది.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. చీమలు తినగలిగినదీ, దేవుడికి పెట్టదగినదీ, మామగారు నాలికతో ఊరిపేరు చెప్పగలిగినదీ ఈ జన్మలో మళ్లీ ఏ స్పీకర్ కిందా పెట్టను.

ఇది చదివి సుగుణ, ఈ ప్రతిజ్ఞలో చెప్పుల ఊసు లేదేమని అడుగుతోంది.