చెరువు గట్టు మీది గారెలు

మా కాంప్ ద మాస్క్ ఊళ్లో తొలి సైకిలు నాదేనన్న పొగరుతో ఇవాళ మండుటెండలో వకోవా చెరువుదాకా తొక్కాను. చేరేసరికి కడుపు మాడిపోతోంది. గట్టు మీద ఆకులో గారెలు కనిపించాయి. ఎవరూ లేరనుకుని ఒకటి నోట్లో కుక్కుకున్నాను. చెట్టు చాటు నుంచి ఓ ముసలమ్మ లేచింది.

"తినీ బాబూ. ఇయాళ మా ముసిలోడి తద్దినం. ఈ దీవిలో కాకులెక్కడివి, పొద్దుట్నించి పిట్టైనా వాల్లేదు. ఆడూ నీలాగే, అడక్కుండా తినీసేవోడు."

మింగలేను, ఉమ్మలేను. ఆమె నవ్వుతూ రెండోది చేతిలో పెట్టింది. సిగ్గులేకుండా అదీ తిని, దండం పెట్టి సైకిలెక్కేశాను.

ఆయన వాటా తిన్నాను గానీ, ఆయన పేరైనా అడగలేదు. మీలో ఎవరికైనా ఆ ముసలమ్మ తెలిస్తే, కాస్త కనుక్కుని చెప్పండి.