రౌండ్స్ మా వీధికి వచ్చిన సాయంత్రం

మా ఇంట్లో అందరికంటే ఎక్కువ పని చేసిన ఇంగ్లీషు మాట రౌండ్. నా భర్త మేడ్చల్ దగ్గర ఒక గోదాములో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేసేవారు. డ్యూటీ ఎక్కగానే చుట్టూ తిరిగి తాళాలు చూసుకోవడం ఒక రౌండ్. సెలవు రోజున నన్ను బండి మీద శామీర్‌పేట చెరువు దాకా తిప్పుకొస్తే అదీ రౌండే. మిక్సీలో పచ్చడి సరిగా నలగకపోతే "ఇంకో రౌండ్ తిప్పు" అనేవారు. బంధువుల పెళ్లిలో స్నేహితులతో చాటుగా కూర్చుని వస్తే, ఎన్ని రౌండ్లు అయ్యాయని అత్తయ్య అడిగేది. అప్పుడు మాత్రం ఆ మాట ఎన్నడూ విననట్టు మొహం పెట్టేవారు.

ఒకసారి నిఘంటువు తీసి చూశాను. అందులో ఆ మాటకు బోలెడు అర్థాలున్నాయి. పచ్చడి లేదు.

తర్వాత ఆసుపత్రి. డాక్టర్లు రౌండ్స్‌కు వస్తారని నర్సు చెప్పేది, మేమిద్దరం తలుపు వైపు చూస్తూ ఉండేవాళ్లం. ఆ వేసవిలోనే ఆయన పోయారు. దాని గురించి ఇంతకంటే రాయను.

డిసెంబరు వచ్చింది. మా మచ్చ బొల్లారంలో క్రిస్మస్ ముందు చర్చివాళ్లు పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. వాటిని కేరల్ రౌండ్స్ అంటాం. ఏటా డోలక్ మా ఆయనదే. అయితే ఆ ఏడాదిలో ఎవరైనా పోయిన ఇల్లు వస్తే ఆయన డోలక్ మీద అరచెయ్యి పెట్టేవారు. పాట ఆగేది. అందరూ చప్పుడు చెయ్యకుండా దాటి వెళ్లేవారు. ఏడ్చే ఇంటి ముందు గంతులేమిటని ఆ పద్ధతి పెట్టింది ఆయనే.

ఈ సంగతి అత్తయ్యకు తెలుసు. అయినా రౌండ్స్ మా వీధికి వచ్చే రోజు పొద్దుటి నుంచే మొదలుపెట్టింది.

"గీ యేడు మనింటికి రారా బిడ్డా?"

"రారేమో అత్తయ్యా. పద్ధతి అదే కదా."

"వాడు పెట్టిన పద్ధతేనాయె. వాడేమన్న పాస్టరా? గా డోలక్ సప్పుడు మన వాకిట్ల ఒక్కసారి ఇనాలె నేను. మల్ల యేడుకు ఉంటనో లేదో."

"ఉంటారు."

"నువ్వేమన్న డాక్టర్‌వా?"

మధ్యాహ్నం తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని, గేటు దగ్గర కుర్చీ వేయించుకుంది.

"ఎవరొస్తారని ఈ ముస్తాబు?"

"నా ఇష్టం. నువ్వు చాయ్ వెట్టు. పెద్ద గిన్నెల వెట్టు."

పెద్ద గిన్నెలోనే పెట్టాను. వద్దనడానికి నాకూ మనసు రాలేదు. వాళ్లు చూడకుండా దాటిపోతే ఆ చీరలో కూర్చున్న మనిషి మొహం ఎలా చూడాలి? అల్లం దంచడం ఆపి రెండుసార్లు కిటికీలోంచి వీధిలోకి చూశాను. భయమూ కాదు, దిగులూ కాదు. పరీక్షకు వెళ్లే ముందు ఉండేది, అది.

పొద్దు వాలుతుండగా వీధి మొదట్లో డోలక్ మోగింది. స్టవ్ కట్టేసి పరుగెత్తాను. ఒక్కో ఇల్లూ దాటి చప్పుడు దగ్గరకు వచ్చింది. పక్కింట్లో పాట ముగిసింది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

ఎర్ర టోపీలు పెట్టుకుని, తలలు దించుకుని మా గేటు ముందు నుంచి నడుస్తున్నారు. అందరికంటే ముందు మా ఆయన స్నేహితుడు, ఆటో నడుపుతాడు. డోలక్ అతని మెడలో ఉంది. దాని మీద అరచెయ్యి పెట్టాడు, అచ్చం ఆయన పెట్టినట్టే. అత్తయ్య కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయింది. నా వైపు చూసింది.

నేను వీధిలో గొంతెత్తే మనిషిని కాను. "ఆగండి!" అని అరిచాను. మూడిళ్ల అవతల కుక్క మొరిగింది.

ఆటో అతను కంగారుపడ్డాడు. "గది కాదు వదినె... అన్న పెట్టిన రూల్ గదా. మీరు బాధ పడ్తరని..."

"దాటి వెళ్లిపోతేనే బాధపడతాను. లోపలికి రండి."

"మరి మెల్లగ పాడాల్నా? ఏదన్న ఓదార్పు పాట..."

"మెల్లగెందుకురా, గొంతు పోయిందా?" అంది అత్తయ్య. "మావోడు కొట్టినట్టు కొట్టు. చాతగాకుంటే గా డోలక్ ఇటియ్యి, నేనే కొడ్త."

ఎవరో కిసుక్కున నవ్వారు. అందరూ నవ్వారు. అతను కొట్టాడు.

ఆయనంత బాగా కొట్టలేదు. వేగం ఎక్కువ, మధ్యలో తప్పిపోయి మళ్లీ అందుకున్నాడు. వాకిట్లో రేకులు అదిరాయి. అత్తయ్య ఏడుస్తూనే చప్పట్లు కొట్టింది. నేనూ గొంతు కలిపాను. ఆ పూట నాకు కలిగినదానికి ఏ మాట రాయాలా అని చాలాసేపు ఆలోచించాను. సంతోషం. వేరే మాట అక్కర్లేదు.

చాయ్ తాగి బయల్దేరారు. రెండిళ్ల అవతల ఒక పెద్దాయన ఉంటారు, వానాకాలంలో భార్య పోయింది. ఆయన లైటు వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఆటో అతని చెయ్యి అలవాటుగా డోలక్ మీదికి వెళ్లింది.

"ఏందిరా," అన్నారు పెద్దాయన, "ఆమె ఇంట్ల పాడితిరి. నేనేం పాపం జేసిన?"

ఆటో అతను వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"నన్నెందుకు చూడటం? కొట్టు," అన్నాను.

పెద్దాయన ఇంట్లో చాయ్ పెట్టేవాళ్లు లేరు. గిన్నెలో మిగిలింది మళ్లీ వేడి చేసి, పట్టుకారుతో పట్టుకుని వాళ్ల వెనకే వెళ్లాను.