మామగారి లారీలు

కంప్యూటర్లు బాగుచేసుకుని బతికే పెద్దల్లుడికి అత్తారింట్లో కంట్లో నలుసు ఒక్కడే: తోడల్లుడు. చిన్నల్లుడు చెడ్డవాడేం కాదు పాపం. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకుని ఊరుకునేవాడు.

మామగారు ముప్పయ్యేళ్లు లారీ తోలారు. చూపు మందగించి లైసెన్సు పోయాక ముంగిలా కూర్చుంటుంటే, పెద్దల్లుడు విడిభాగాలు ఏరి తెచ్చి కంప్యూటరు బిగించాడు. చిన్నల్లుడు చేసిందల్లా ఓ లారీ ఆట, ఓ ప్లాస్టిక్ స్టీరింగు కొనుక్కురావడం. అంతే! మూడేళ్లుగా సాయంత్రమైతే చాలు, మామా అల్లుడూ ఒకే సోఫాలో చేరి, "గేరు మార్చు మామయ్యా", "నాకే నేర్పుతావట్రా" అంటూ ఒకటే నవ్వులు. పెద్దల్లుడు ఆ ఆట వంక కన్నెత్తి చూస్తే ఒట్టు. "చాకిరీ నాది, ముద్దు వాడికీనా!" అని భార్య దగ్గర పళ్లు నూరేవాడు.

కంప్యూటరు నత్తనడక నడుస్తోందని ఓ ఆదివారం పిలిచారు. అంతా తుడిచి విండోస్ కొత్తగా వేయాలి. అలా వేసేముందు, ముక్కూమొహం తెలియని వాళ్లకైనా సరే, డాక్యుమెంట్స్ ఫోల్డరు పెన్‌డ్రైవ్‌లోకి దింపుకోవడం అతని పద్ధతి. ఆట వేరే డ్రైవ్‌లో భద్రంగానే ఉంటుంది, ఆటలో మామగారు సంపాదించుకున్న లారీలన్నీ మాత్రం ఈ ఫోల్డరులో ఉంటాయి. దాని మీద మౌస్ బాణం పెట్టి ఆగాడు. వంటింట్లోంచి మామగారి నవ్వూ చిన్నల్లుడి నవ్వూ కలిసి వినిపించాయి. పోతే పోనీ వీళ్ల సరదా అనుకుని, దింపకుండానే తుడిచేశాడు.

కొత్త విండోస్ వచ్చింది. ఆట నొక్కితే ఏదో ఫైలు లేదంది. అది వేశాడు. తెర నల్లబడింది. గ్రాఫిక్స్ డ్రైవరు వేశాడు. స్టీరింగెవరో నాకు తెలీదంది. దాన్నీ దారికి తెచ్చాడు. ఇంజను మోత వినగానే మామగారు గబగబా వచ్చి కూర్చున్నారు.

గ్యారేజీ ఖాళీ. కంపెనీకి పేరు పెట్టమంటోంది.

"నా లారీలేవండీ అల్లుడుగారూ?"

"ఒక్కోసారి పోతుంటాయి మామయ్యగారూ," అన్నాడు మొహం తిప్పుకుని.

మామగారు స్టీరింగు సరిచేసుకున్నారు. "సర్లెండి, చేసేదేముంది. పాత పేరే కొట్టండి, మళ్లీ మొదలెడతా."

"ఏం పేరు?"

"ఇంకేం పేరు అన్నయ్యా!" వంటింట్లోంచి వచ్చిన చిన్నల్లుడు అందుకున్నాడు. "'పెద్దల్లుడు లారీ సర్వీస్'! నలభై లారీల మీదా అదే. ఒక్కదాని మీదైనా నా పేరు రాయి మామయ్యా అని మూడేళ్లుగా మొత్తుకుంటున్నా, వింటేగా! ఈ కంప్యూటరు ఇచ్చిందాయనేగా అంటాడు. చూసినప్పుడల్లా ఒళ్లు మండేది నాకు."

పెద్దల్లుడు కీబోర్డు పక్కకు జరిపాడు.

"అవి వాటంతటవి పోలేదు మామయ్యగారూ," అన్నాడు. "నేనే కావాలని పోనిచ్చాను."

మామగారు స్టీరింగు వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

"ఎందుకండీ?" అని అడిగారు, కోపమైనా లేకుండా.

పక్కనే చిన్నల్లుడు నిలబడి ఉన్నాడు. జవాబు వాడి ముందే చెప్పాలి.