ఆపరేటర్ వేసిన ముడి

సెప్టెంబరు మొదటి వారంలో పోస్టుకు చేరాం. తూర్పు సరిహద్దు. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. లారీ దిగాక రెండు రోజుల నడక. పైన మూడు బంకర్లు, ఒక వంట గుడారం, పన్నెండు మంది మనుషులు. మధ్యాహ్నం రెండు దాటితే గాలి లేస్తుంది. మాది గోదావరి ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఇల్లు. అప్పటిదాకా నాకు తెలిసిన మంచు చేపల పెట్టెలో పోసే ఐసు ఒక్కటే.

పోస్టుకు మూడు గంటల నడక దూరంలో కొండల మధ్య ఒక సరస్సు ఉంది. అందులో ట్రౌట్ చేపలున్నాయి. డబ్బా కూరలు తినీ తినీ అందరి నాలుకలూ చచ్చిపోయాయి. సుబేదారు గారు ఆర్డరిచ్చారు. ప్రతి ఆదివారం ఇద్దరు వెళ్ళాలి. ఉదయం ఐదున్నరకు బయలుదేరాలి, పన్నెండుకు తిరుగుముఖం పట్టాలి. రైఫిళ్ళు, రేడియో సెట్టు, ముప్పై మీటర్ల తాడు, తలా ఒక జత పొడి సాక్సులు. వల వద్దు, గాలం మాత్రమే.

"నువ్వు చేపల ఇంట్లో పుట్టినవాడివి. పార్టీ లీడర్ నువ్వే," అన్నారు నాతో. నేను ఉబ్బిపోయాను.

నాతో వచ్చినవాడు రేడియో ఆపరేటర్. రామచంద్రపురం దగ్గర వరి రైతుల ఇంటివాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. "చేపలు తినడమేనండి నాకొచ్చింది. పట్టడం మీరే నేర్పాలి అన్నయ్యా," అన్నాడు దారిలో. మూడు గంటలూ నేర్పుతూనే నడిచాను.

ఆ రోజు వాడు నాలుగు పట్టాడు. నాకు ఒక్కటీ పడలేదు. తర్వాతి ఆదివారం వాడికి ఆరు. నాకు ఒకటి, అదీ చూపుడువేలంత.

ఎందుకో ఇప్పుడు తెలుసు. మా గోదావరి నీళ్ళు బురద. ఒడ్డున నిలబడ్డ మనిషి చేపకి కనబడడు. ఆ సరస్సులో నీళ్ళ అడుగున గులకరాళ్ళు కూడా కనిపిస్తాయి. నేను అక్కడ నిటారుగా నిలబడి, మా ఊళ్ళోలా పిండి ఉండ గుచ్చి విసిరేవాణ్ణి. వాడు ముందు ఒడ్డున రాళ్ళు తిరగేసి, కింద ఏ పురుగు ఉందో చూసేవాడు. "పొద్దున్నే చేలోకెళ్ళి మేం చేసే పని ఇదేనండి. ఏ పురుగు పడిందో చూసుకోవాలి కదండి," అనేవాడు. ఆ పురుగునే గాలానికి గుచ్చి, బండ వెనక గొంతుక్కూర్చునేవాడు. వాణ్ణి చూసి నేర్చుకోవచ్చు. వరి కోసుకునేవాడి దగ్గర నేను చేపలు పట్టడం నేర్చుకోవాలా? ఛీ!

కుళ్ళుకున్నాను. మర్యాదగా చెప్పడానికి వేరే మాట లేదు. వంటవాడు వాడికి ముందు వడ్డిస్తే ఒళ్ళు మండేది. వాడు నాకు టీ తెచ్చిస్తే ఇంకా మండేది. కింది క్యాంపులో పదిహేను రోజులకోసారి ఫోను దొరికేది. ఒకసారి నా పక్కన నిలబడి, "వదినగారితో ఒక్క మాటండి," అని ఫోను తీసుకుని చేపల కబుర్లన్నీ చెప్పేశాడు. ఫోను మళ్ళీ నా చేతికొచ్చింది.

"ఏవండీ, ఆ అబ్బాయి పదేసి పడుతున్నాడంటగా! మరి మీరేం చేస్తున్నారండీ?"

"కాపలా కాస్తున్నాను," అని పెట్టేశాను.

అక్టోబరు చివర్లో సుబేదారు గారు పిలిచారు. "సోమవారం కమాండర్ గారు వస్తున్నారు. చేపలు కావాలి. ఈసారి లీడర్ ఆపరేటర్."

"మరి నేను, సాబ్?"

"నువ్వు తాడు మొయ్యి."

బంకరంతా నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు. అదీ నాకు నచ్చలేదు. ఒక్క ఆదివారం వాడు ఖాళీ చేతులతో తిరిగి రావాలి. నాకు కావలసింది అంతే.

సరస్సు అంచున అప్పటికే పలచగా మంచు కట్టింది. పదింటికి వాడి గాలం రాళ్ళలో ఇరుక్కుని తెగింది. కొత్తది కట్టుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. నైలాను దారానికి ఆరు చుట్లు వెయ్యాలి, ఉమ్మితో తడిపి బిగించాలి. మా ఇంట్లో ఆడపిల్లలకు కూడా వచ్చు. వాడు మూడు చుట్లు వేసి, పొడిగానే లాగేశాడు.

"బాగుందా అన్నయ్యా?"

"ఆఁ," అన్నాను.

పదీ నలభైకి పెద్ద చేప తగిలింది. మూరెడు ఉంటుంది. వాడు దాన్ని ఒడ్డుదాకా లాక్కొచ్చాడు. ముడి జారింది. చేప లోతులేని నీళ్ళలో పక్కకు ఒరిగి ఉంది. వాడు దాని మీదికి దూకాడు. అక్కడినుంచి రెండడుగుల అవతల లోతు. ఛాతీదాకా దిగిపోయాడు. ఎడమ బూటు రాళ్ళ మధ్య ఇరుక్కుంది.

"అన్నయ్యా! కాలు రావట్లేదు!"

తాడు విసిరాను. లాగితే రాలేదు. కోటు విప్పి ఒడ్డున పడేసి నేనూ దిగాను. బూటు వదిలించి ఒడ్డుకు చేర్చేసరికి ఐదారు నిమిషాలు పట్టింది. నా పొడి సాక్సులు వాడికి తొడిగాను. నా కోటు కప్పాను. సెట్టు అందుకున్నాను.

"పోస్ట్, లేక్ పార్టీ. ఆపరేటర్ నీళ్ళలో పడ్డాడు. నడవలేడు. ఓవర్."

"లేక్ పార్టీ, పోస్ట్. స్ట్రెచర్ బయలుదేరింది. కదిలిస్తూ ఉండు. నిద్రపోనివ్వకు. ఓవర్."

నిద్రపోనివ్వకుండా మాట్లాడించాను. వాడు పళ్ళు టకటకలాడిస్తూ ఒకటే మాట. "దారం తెగిపోయింది అన్నయ్యా. పెద్ద చేప. దారం తెగిపోయింది." దారం కొస నా చేతిలోనే ఉంది. తెగలేదు. జారిన ముడి కొస మెలి తిరిగి ఉంటుంది, మాకు చూడగానే తెలుస్తుంది. దాన్ని నీళ్ళలో పడేశాను.

హెలికాప్టర్ మర్నాడు వచ్చింది. ఆసుపత్రిలో వాడి ఎడమ కాలి వేళ్ళు రెండు తీసేశారు. ప్రాణాలకు తెగించి తోటి జవానును కాపాడానని నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ రోజు కూడా కమాండర్ గారు ఆపరేటర్ ఎలా ఉన్నాడనే అడిగారు. సిగ్గులేకుండా దానికీ కుళ్ళుకున్నాను.

సర్వీసు పూర్తయి ఊరికి వచ్చాను. వచ్చిన నెలకే వాడు బండి మీద రెండు కొబ్బరి గెలలు కట్టుకుని మా ఇంటికొచ్చాడు. మా అమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. బూట్లు విప్పి, అరుగు పక్కన కాళ్ళు కడుక్కున్నాడు.

"మీ అబ్బాయి లేకపోతే నేను లేనండి," అన్నాడు అమ్మతో.

"ఎలా పడ్డావు నాయనా?"

"దారం తెగిందండి. పెద్ద చేప."

నేను బండికి కట్టిన గెలలు విప్పడం మొదలుపెట్టాను.

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు పట్టావా ఏమన్నా, అక్కడ?"

నేను నోరు తెరిచేలోపే వాడు అందుకున్నాడు. "అయ్యో, అన్నయ్య పట్టినవే ఎక్కువండి! నాకు నేర్పింది అన్నయ్యే కదండీ!"

నా వైపు చూసి చిన్నగా కన్ను కొట్టాడు. అమ్మతో పాటు భోజనానికి లోపలికి నడిచాడు. నేను అరుగు దగ్గరే ఉండిపోయాను. గచ్చు మీద వాడి తడి అడుగులు వరసగా ఉన్నాయి. కుడి కాలివి ఐదు వేళ్ళు. ఎడమ కాలివి మూడు.

"ఏవండీ, విస్తరి వేశాను, రండి," అని మా ఆవిడ పిలిచింది. అడుగులు తొక్కకుండా గోడ పక్కనుంచి లోపలికి వెళ్ళాను. ఇప్పటికీ ఎవరు తడి కాళ్ళతో గచ్చు మీద నడిచినా, నేను వేళ్ళు లెక్కపెడతాను.