చలేగా అన్న ర్యామ్

సునామీ నీళ్లు మా దీవిలో, జంగ్లీఘాట్‌లోని మా టైపింగ్ షాపులోకి వచ్చి, కంప్యూటర్‌ను ముంచి, వెళ్లిపోయాయి. గోడకు వేలాడుతున్న కరెంటు బిల్లు మాత్రం క్షేమంగా బయటపడింది.

"షాపు మూసేసి వైజాగ్ ఎల్లిపోదార్రా" అన్నాడు నాన్న. నేను పుట్టింది ఇక్కడ. వైజాగ్ నాకు షిప్ ఆగే చోటు, అంతే. కంప్యూటర్ మళ్లీ నడిస్తే షాపు తెరుద్దామని బతిమాలి ఒప్పించాను.

ఉప్పునీటికి మదర్‌బోర్డు పోయింది. కొత్తది చెన్నై నుంచి షిప్‌లో తెప్పించాను. బజారులో దానికి ర్యామ్ అడిగితే దుకాణదారు తన దగ్గరున్న పాత రకం ఇచ్చాడు. అది స్లాటులో దిగలేదు. ర్యామ్‌కు గాటు ఒకచోట ఉంటే, స్లాటులో గట్టు మరోచోట ఉంది.

"ఆకురాయితో కొంచెం గీకెయ్ భయ్యా, చలేగా" అన్నాడు దుకాణదారు, దాన్ని వెనక్కి తీసుకెళ్తే.

చలేగా అంటే నడిచిపోతుందని. ఏ వస్తువైనా షిప్‌లోనే రావాలి కాబట్టి మా దీవుల్లో సగం పనులు ఈ మాట మీదే సాగుతాయి. సునామీ తర్వాత అధికారులు రేకుల షెడ్డు చూపించి ఇదే ఇల్లు, చలేగా అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"నహీ చలేగా భయ్యా. రకం వేరని చెప్పడానికే గాటు వేరేచోట పెట్టారు. గీకి దూరిస్తే బోర్డు కూడా పోద్ది."

"అయితే ఇంకో షిప్ వచ్చేదాకా ఆగాలి మరి."

"ఆగుతాం. మేం ఎక్కడికీ పోవట్లేదు."

వీరుడిలా అనేశాను గానీ, ఆ సంగతి నాన్నకు ఇంకా తెలియదు. ఇంటికెళ్లి చెప్పాను. ఆయన మూలనున్న పాత బ్రష్షు తీసి నా చేతిలో పెట్టాడు.

"అందాకా ఖాళీగా కూకోకు. షట్టర్‌కి రంగెయ్యి."