నల్ల కవరు

ఆళ్లగడ్డ శిల్పుల వీధిలో కిరణ్‌ది పేరున్న చెయ్యి. నరసింహస్వామి కోరలైనా, గోళ్లైనా అతను చెక్కితేనే చూడాలి. అంత ఉగ్రరూపాన్ని రాయిలోంచి బయటికి లాగే మనిషికి మందుల షాపు ముందు నిలబడితే నోరు పెగలదు. అతని భార్య చందన ప్రాణం ఆ నోటి మీదే ఆధారపడి ఉంది.

చందనది కోయిలకుంట్ల. ఇంటర్ చదివి, కుట్టుపని నేర్చుకుని ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. కోపం వస్తే దాచుకోవడం చేతకాని మనిషి. అత్త ఉమామహేశ్వరమ్మకు ఆ గుణమే గిట్టదు. ఐదు నెలల కిందట నంద్యాల ఆస్పత్రిలో చందనకు కాన్పు కష్టమై, ఒంట్లో రక్తమంతా పోయి, చివరికి కడుపు కోసి పాపను తీశారు. డాక్టరమ్మ కిరణ్‌ను ఎదురుగా నిలబెట్టి మరీ చెప్పింది. రెండేళ్ల దాకా ఈమెకు కడుపు రాకూడదు, వస్తే తల్లే దక్కకపోవచ్చు, నిరోధ్ వాడండి అంది. కిరణ్ తలూపాడు. తల ఊపడానికేం, ఎవరైనా ఊపుతారు!

ఆ తర్వాత అతను షాపుకు వెళ్లిన ప్రతిసారీ తలనొప్పి బామ్ సీసాతో తిరిగొచ్చాడు. ఇంట్లో ఎవరికీ తలనొప్పి లేదు. అల్మరా నిండా మాత్రం బామ్ సీసాలే.

"మళ్లీ బామేనా?" అంది చందన.

"జనముండారే ఆడ. మద్దిలేటన్న అన్ని మందులూ తెల్ల కాగితంలో చుట్టిస్తాడు. అదొక్కటే నల్ల కవర్లో ఏసిస్తాడు. ఆ కవరు చేతిలో కనపడితే సాలు, బజారంతా పండ్లికిలిస్తారు."

"రాళ్లు దించను నంద్యాలకు పోతాంటావు గదా. ఆడన్నా తేరాదా?"

"పక్కన డ్రైవర్ ఉంటాడు. పెండ్లాం దగ్గరికి పోను గూడా అది కావాల్నా అని మావోళ్లు నవ్వరా? బయట తిరిగేటోళ్లకు గదా అది!"

స్నేహితుల నవ్వు ఒక వైపు, పెళ్లాం ప్రాణం ఒక వైపు. ఈ పెద్దమనిషికి నవ్వే బరువైంది. చందన అతన్ని దగ్గరికి రానివ్వలేదు. అతను అలిగి అన్నం దగ్గర కూడా మాట్లాడటం మానేశాడు. డాక్టరమ్మ మాట తెలియని అత్త సణుగుడు మొదలుపెట్టింది. ఇక లాభం లేదని చందనే పాపను చంకనేసుకుని షాపుకు వెళ్లింది.

అడగ్గానే అక్కడున్న మగవాళ్ల మాటలు ఆగిపోయాయి.

"మీ ఆయన్ను పంపు తల్లీ," అన్నాడు మద్దిలేటి, ఎటో చూస్తూ.

"ప్రాణం నాదన్నా. నాకే ఇయ్యి."

అతను నల్ల కవర్లో వేసి ఇచ్చాడు. ఆమె ఇల్లు చేరేలోపే కబురు చేరింది. అత్త గడపలో నిలబడి ఉంది. వాకిట్లో ఉలి పట్టుకుని కూర్చున్న కిరణ్, అతని చుట్టూ పనివాళ్లు.

"ఎవురికోసం తెచ్చినావే అది? నా కొడుకు తెమ్మన్నాడా?" అని అరిచింది ఉమామహేశ్వరమ్మ.

అందరూ కిరణ్ వైపు చూశారు. అవునంటే చాలు, గొడవ అక్కడితో తెగిపోతుంది.

"నేను చెప్పల్యా. నాకేం తెల్దు," అని అతను రాయి వైపు తిరిగిపోయాడు.

చందనకు ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. ఈ మనిషి కోసమా కడుపు కోయించుకున్నాను అనిపించింది. లోపలికి వెళ్లి, తెచ్చిన ప్యాకెట్లు అల్మరాలో పెట్టి, బామ్ సీసాలన్నీ ఆ నల్ల కవర్లో కుక్కి తెచ్చి అతని ఒళ్లో పడేసింది.

"అత్తా, డాక్టరమ్మ ఏం చెప్పిందో నీ కొడుకునే అడుగు. నేను సచ్చినాకైనా చెప్తాడేమో! ఏమయ్యా, ఇంగ నువ్వు ఈ తలుపు దాటాలంటే, షాపుకు పోయి, అందరి ముందర పేరుబెట్టి అడిగి, చేతిలో పట్టుకోని బజార్లో నడిచి రా. కవరు లేకుండా."

పనివాళ్లు తలలు వంచుకున్నారు. ఉమామహేశ్వరమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. అతను తలెత్తలేదు. చందన లోపలికి పోయి గడియ పెట్టుకుంది.

నెల దాటింది. కిరణ్ వాకిట్లో రాళ్ల మధ్యే పడుకుంటున్నాడు. మంచుకు ఇప్పుడు నిజంగానే తలనొప్పి వస్తోంది, బామ్ రాసుకుంటున్నాడు. మద్దిలేటి షాపు వీధి చివరే. అతను ఇంకా వెళ్లలేదు. ఆమె అతనికి గడియ తీయలేదు.